చీర కట్టుకున్న మగాడే మన హాస్యనటి

హైదరాబాదు నిజాంపేటలో అపార్ట్‌మెంట్ల ఉగాది సంబరాలకు ఒక వరస ఉంది. ముందు పిల్లల ఫ్యాన్సీ డ్రెస్. తర్వాత ఆడవాళ్ల కోలాటం. ఆ తర్వాత అసోసియేషన్ అధ్యక్షుల వారి ప్రసంగం. అందులో బోరు కాండ, ట్యాంకరు కాండ, సెల్లార్ పార్కింగ్ కాండ అని మూడు కాండలు. జనం చూపు భోజనాల బల్లల వైపు మళ్లే వేళకి అసలు సరుకు దిగుతుంది: హాస్య స్కిట్. నాలుగో అంతస్తు టీమ్ లీడ్ గారు భార్య పట్టుచీర చుట్టుకుని, లిప్‌స్టిక్ మీసం దాకా పూసుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని స్టేజీ ఎక్కుతారు. ఆయన నోరు తెరవకముందే హాలంతా పగలబడి నవ్వుతుంది. మాట అక్కర్లేదు, రాసేవాడు అక్కర్లేదు, ఎక్కడ ఆగాలో తెలియనక్కర్లేదు. మగాడు చీర కడితే చాలు, అదే జోకు.

ముందు వరసలో ఆ చీర సొంతదారు కూర్చుని ఉంటుంది. రాత్రి పదింటి కాల్‌లో అమెరికా క్లయింటు ముక్కుతో మాట్లాడిన తీరును పొద్దున్నే లిఫ్టులో పక్క ఫ్లాటావిడకి చేసి చూపిస్తే, ఇద్దరూ గోడ పట్టుకుని నవ్విన నవ్వు సెల్లార్‌లో వాచ్‌మన్‌కి వినిపించింది. ఈ మనిషిని స్టేజీ ఎక్కిద్దామన్న ఆలోచన మన సాంస్కృతిక కమిటీకి ఏనాడూ రాలేదు. కమిటీ ఆవిడ దగ్గర అడిగినవి రెండే: ఒక చీర, అరడజను పిన్నీసులు.

టీమ్ లీడ్ గారిని అని లాభం లేదు. ఆయన గురువులు టీవీలో ఉన్నారు. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలైంది. అందులో పెళ్లాం, అత్త, మరదలు, పక్కింటావిడ, పనిమనిషి, ఏ ఆడ వేషమైనా చాలాకాలం చీర కట్టిన మగవాళ్లదే. తర్వాత్తర్వాత ఆడపిల్లలూ వచ్చారనుకోండి. మొదట్లో మాత్రం ఆడవాళ్లకు దొరికిన పెద్ద కొలువు జడ్జి కుర్చీ. నటి రోజా గారు ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చుని నవ్వారు. అంటే, నవ్వే ఉద్యోగం ఆడమనిషికి, నవ్వించే ఉద్యోగం మగమనిషికి. పని విభజన ఇంత శుభ్రంగా హైటెక్ సిటీ కంపెనీల్లో కూడా ఉండదు.

ఇది సంప్రదాయం అని ఎవరైనా అడ్డుపడతారేమో. స్థానం నరసింహారావు గారు నాటకాల్లో సత్యభామ వేయలేదా అని. వేశారు, 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఆయన వేసినది ఆడమనిషిని. ఆడమనిషిని వెక్కిరించడం కాదు. ఆ రోజుల్లో చాలా సమాజాలకి స్టేజీ ఎక్కే ఆడవాళ్లు దొరికేవారు కాదన్న కారణమూ ఉంది. ఆ కారణం కూడా పూర్తిగా నిలవదు. 1885లో కడప సీమలో పుట్టిన సురభి వారి నాటకాల్లో ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు, అవసరమైతే కృష్ణుడి కిరీటమూ పెట్టుకున్నారు. ఆ సురభి కుటుంబాల కాలనీ ఎక్కడో లేదు, మనకు కూతవేటు దూరంలో లింగంపల్లిలో ఉంది.  నూట నలభై ఏళ్ల కిందట గుడ్డల డేరాలో దొరికిన ఆడ నటి, సెంట్రల్ ఏసీ క్లబ్ హౌస్‌లో దొరకడం లేదన్నమాట.

ఇక సినిమాల్లో మనల్ని నవ్వించిన సూర్యకాంతం గారి సంగతికి వద్దాం. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టిన పిల్ల. మద్రాసు వెళ్లింది హీరోయిన్ అవుదామనే. తీరా ఆ అవకాశం చేతికి అందే వేళకి ప్రమాదం జరిగి ముఖానికి దెబ్బ తగలడంతో ‘సౌదామిని’ నాయిక వేషం జారిపోయిందని చెబుతారు. 1950లో ఎల్.వి. ప్రసాద్ గారి ‘సంసారం’లో గయ్యాళి అత్త వేషం ఇచ్చారు. అప్పటికి ఆవిడ వయసు ఇరవై అయిదో, ఇరవై ఆరో. ఆ వయసులో కట్టిన అత్త వేషాన్ని మళ్లీ విప్పనివ్వలేదు మనవాళ్లు.

లెక్క ఒకసారి చూడండి. ఎన్.టి. రామారావు గారు 1923 మేలో పుట్టారు. అక్కినేని నాగేశ్వరరావు గారు 1924 సెప్టెంబరులో. సూర్యకాంతం ఆ అక్టోబరులో. అంటే ఇద్దరి కన్నా ఆవిడే చిన్న. 1962లో ‘గుండమ్మ కథ’ వచ్చేసరికి ఆ ఇద్దరు పెద్దవాళ్లు పెళ్లీడు కుర్రాళ్లు, వాళ్లకన్నా చిన్నదైన ఈవిడ వాళ్లిద్దరికీ అత్తగారు. రామారావు గారి వందో సినిమా, నాగేశ్వరరావు గారి తొంభై తొమ్మిదో సినిమా, ఇద్దరూ కలిసి నటించినా పోస్టరు మీద పేరు మాత్రం గుండమ్మది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లకు టిక్కెట్లు ఎవరి పేరు మీద తెగుతాయో తెలుసు. ఇవాళ హీరో ఇంటిపేరో, బిరుదో, కులమో, కారు నంబరో లేకుండా టైటిల్ పెట్టే ధైర్యం ఏ నిర్మాతకుందో చెప్పండి, కూకట్‌పల్లి భ్రమరాంబ థియేటర్ ముందు కటౌటుకి పాలు నేనే పోస్తాను.

ఆవిడ పనితనం గురించి కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే ఎవరూ మాట్లాడరు. ఎడమచేతి వాటం ఆవిడది. ఆ ఎడమ చెయ్యి గాల్లోకి లేచిందంటే ఎదుటివాడు ఎస్వీ రంగారావైనా చూపు దాని మీదికే పోతుంది. మాట చివర సాగదీసి, సాగదీసి, ఇక తెగుతుందనగా మూతి ఒక పక్కకి తిప్పి వదిలేది. తిట్టు తిడుతూండగానే కంట్లో చిన్న భయం మెదిలేది, తన పెత్తనం ఏ క్షణాన జారిపోతుందోనని. ఆ భయం లేకపోతే గుండమ్మ వట్టి రాక్షసి. అది ఉంది కనకనే మన ఇంట్లో మనిషి. రాక్షసి వేషమూ వేసింది లెండి, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి తల్లి హిడింబగా. అక్కడేమో ముద్దుల తల్లి. రాక్షసిని తల్లిని చేసి, అత్తని రాక్షసిని చేసి, రెండింటికీ నవ్వించడం ఎంత కష్టమో నటన నేర్పే బడుల్లో పాఠంగా చెప్పాలి. చెప్పరు. దాన్ని మనం నటన అనుకోలేదు, స్వభావం అనుకున్నాం.

అందుకే ఆవిడ మీద వచ్చే ప్రతి జ్ఞాపక వ్యాసం ఒక హామీ పత్రంతో మొదలవుతుంది: తెర మీద గయ్యాళి గానీ ఇంట్లో మనసు వెన్న. షూటింగుకి ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారు. నిజమే, పెట్టేవారు. కానీ రాజనాల గారు ఇంట్లో ఆవకాయ కలిపేవారా, నాగభూషణం గారు యూనిట్‌కి పులిహోర తెచ్చేవారా అని ఎవరైనా విచారించారా? విలన్ వేసిన మగవాడికి నటుడు అన్న ఒక్క సర్టిఫికెట్ చాలు. గయ్యాళి వేసిన ఆడమనిషికి మాత్రం వంటింటి నుంచి క్యారెక్టర్ సర్టిఫికెట్ కావాలి. అది చూపిస్తే గానీ నివాళి మంజూరు కాదు.

అసలు గుండమ్మ చేసిన నేరమేమిటి? సవతి కూతురిని పనిమనిషిగా చూసింది. అది నేరమే, శిక్షించాల్సిందే. అయితే సినిమా ఆవిడను పట్టుకున్నది ఆ ఒక్క సెక్షన్ కింద కాదు. ఆమె విధవ, ఆస్తి ఉంది, బొడ్లో తాళాల గుత్తి ఉంది, ఎవరికి ఎంతివ్వాలో తనే లెక్కపెడుతుంది. మన సాంఘిక సినిమాల్లో డబ్బు లెక్కపెట్టిన ఆడమనుషుల జాబితా రాస్తే అందులో సగం సూర్యకాంతమే. ఆ గుత్తి లాక్కోవడానికి జమీందారు గారు, ఆయన ఇద్దరు కొడుకులు కలిసి రెండున్నర గంటల పైన పథకం వేస్తారు. చివర్లో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ వచ్చి ఇంటి పెత్తనం లాక్కుని గుండమ్మని నానా బాధలు పెడితే హాలు చప్పట్లు కొడుతుంది. ఆడదానికి బుద్ధి చెప్పడానికి మగవాడి చెయ్యి పాడు చేసుకోనక్కర్లేదు. ఆ వేషానికీ మన దగ్గర ఆడమనిషి ఉంది. 1958 నాటి కన్నడ సినిమా కథ కావచ్చు, దాని వెనక షేక్స్‌పియర్ ఉండొచ్చు. చప్పట్లు మాత్రం అచ్చంగా మనవి.

ఇదే కాలంలో భూగోళానికి అవతల ఒక ఆవిడ ఇదే పని చేస్తోంది. లూసిల్ బాల్, న్యూయార్క్ రాష్ట్రంలో జేమ్స్‌టౌన్ అనే ఊళ్లో 1911లో పుట్టింది. సినిమాల్లో చిన్నా చితకా వేషాలతో ఏళ్లు గడిచాక, నలభయ్యో ఏట, 1951లో ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. ఆ కార్యక్రమంలో లూసీ అనే గృహిణికి ఒకటే కోరిక, భర్తలాగా తనూ స్టేజీ ఎక్కాలని. వారం వారం ఏదో వేషం వేస్తుంది, పట్టుబడుతుంది, భర్త చేతిలో అక్షింతలు పడతాయి, మళ్లీ వంటింట్లోకి. నవ్వు. ఇంతవరకూ మన కథే. ఆవిడ నిజంగా నెలలు నిండి ఉంటే, కడుపుతో ఉందన్న మాట టీవీలో పలకనివ్వలేదు అక్కడి పెద్దమనుషులు. ఆ పిల్లాడు కథలో పుట్టిన 1953 జనవరి 19 రాత్రి దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది టీవీల ముందు కూర్చున్నారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తుంటే చూసినవాళ్లు అంతకన్నా తక్కువ.

తేడా కెమెరా ఆగాక మొదలవుతుంది. తెర మీద తాళం చెవి లేని లూసీకి తెర వెనక స్టూడియో తాళాలే ఉన్నాయి. భర్త డెసీ ఆర్నాజ్‌తో కలిసి డెసిలూ అనే సంస్థ పెట్టింది. పారితోషికం కొంత తగ్గించుకుని ఎపిసోడ్ల మీద హక్కులు తమ దగ్గర ఉంచుకున్నారు. విడాకులయ్యాక 1962లో భర్త వాటా తనే కొనేసి స్టూడియో అధిపతి అయింది. ‘స్టార్ ట్రెక్’ తయారైంది ఆ స్టూడియోలోనే. 1967లో దాన్ని అమ్మేసింది. మన గుండమ్మది సరిగ్గా తలకిందులు: తెర మీద బొడ్లో గుత్తి, తెర వెనక పిలిస్తే వెళ్లి వేసి రావలసిన వేషం. ఆవిడ పేరు మీద అమ్ముడైన బొమ్మ ఇప్పటికీ పండగ పండక్కీ టీవీలో ఆడుతూనే ఉంటుంది. ఆ సినిమా హక్కుల కాగితాల్లో గుండమ్మ సంతకం ఉండదు.

అమెరికా వాళ్లు మహా మర్యాదస్థులని నేను అనడం లేదు. లూసీ చిన్నప్పటి ఊరు సెలరాన్‌లో 2009లో ఒక కంచు విగ్రహం పెట్టారు. అది చూసి పిల్లలు జడుసుకునేట్టుంది. జనం గోల చేసి చేసి 2016లో కొత్తది పెట్టించుకున్నారు. ఒక హాస్యనటి మొహం సరిగ్గా రాలేదని ఊరు ఊరంతా పోట్లాడింది. మన దగ్గర విగ్రహాల మీద జరిగే పోట్లాటల్లో మొహం పోలికలు ఎప్పుడైనా చర్చకు వచ్చాయా? కులం కలిసిందా లేదా అన్నదే కదా.

సూర్యకాంతం ఒక్కరితో ఆగిపోతే ఆవిడ దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. గిరిజ గారిని చూడండి. 1951లో ‘పాతాళభైరవి’లో సాక్షాత్తూ ఆ దేవతగా ప్రత్యక్షమైన అందగత్తె. రేలంగి పక్కన జంటగా అన్నేళ్లు నవ్వించింది. రేలంగి గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది, రావలసిందే. గిరిజ గారికి ఆ పక్కన నిలబడిన జ్ఞాపకం మిగిలింది. కదిరి నుంచి వచ్చిన రమాప్రభ, రాజబాబుతో కలిసి డెబ్బైల్లో ఒక జంటగా ఊపేసింది. అల్లు రామలింగయ్య గారికి 1990లో పద్మశ్రీ, బ్రహ్మానందం గారికి 2009లో. అందరూ అర్హులే, నేను ఏ ఒక్కరి పతకమూ వెనక్కి ఇమ్మనడం లేదు. సత్యభామ వేసిన మగవారికి వచ్చింది, నవ్వించిన మగవారికి వచ్చింది. గుండమ్మకి రాలేదు.

శ్రీలక్ష్మి గారి దగ్గర మాత్రం నా గొంతు మారుతుంది. నటుడు అమర్‌నాథ్ గారమ్మాయి. దర్శకుడు జంధ్యాల గారి చేతిలో పడింది. ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో (1984) సినిమా కథ చెప్పడం మొదలెడితే టైటిల్స్ దగ్గర నుంచి, వెనక సంగీతంతో సహా చెబుతుంది, ‘చంటబ్బాయ్’లో (1986) తన రచనలతో సంపాదకుడి ప్రాణాలు తోడేస్తుంది. అక్కడ ఆవిడను లావని, నలుపని, గయ్యాళని నవ్వలేదు మనం. ఆవిడ బుర్రలో ఉన్న పిచ్చిని చూసి నవ్వాం. ఆ పిచ్చి ఆవిడ సొంతం, చివర్లో ఎవరూ వచ్చి బుద్ధి చెప్పలేదు. మగ హాస్యగాళ్లకి రోజూ దొరికే ఈ సౌకర్యం ఆడవాళ్లకి తెలుగు సినిమాలో దొరికిన సందర్భాలు తక్కువ, దొరికినచోట సాధారణంగా జంధ్యాల ఉన్నాడు. 2001లో ఆయన పోయాక ఆ సౌకర్యమూ పోయింది. 2006కి ‘కితకితలు’ వచ్చింది. గీతాసింగ్ అనే అమ్మాయి నాయిక. ఆమె లావు. పాత్ర పేరు సౌందర్య. జోకు అర్థమైంది కదా? సినిమా మొత్తానికి అదే జోకు. ఆ అమ్మాయి చక్కగా నటించింది. ఆ తర్వాత పరిశ్రమ ఆమెను బరువు చూసే పిలిచింది.

అవార్డుల సంగతి ఇంకా కమ్మగా ఉంటుంది. నంది అవార్డుల కాలంలో ఉత్తమ హాస్యనటుడితో పాటు ఉత్తమ హాస్యనటి అని విడిగా ఒక బహుమతి ఉండేది. శ్రీలక్ష్మి, కోవై సరళ వంటివారు అందుకున్నారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇచ్చింది. ఉత్తమ హాస్యానికి ఇద్దరిని ఎంచారు. ఇద్దరంటే ఒక ఆడ, ఒక మగ అనుకున్నారేమో, సత్య, వెన్నెల కిశోర్. ఇద్దరూ ఒకే సినిమాలో వాళ్లు, ఇద్దరూ సరుకున్న నటులు. ఒక బహుమతిని రెండు ముక్కలు చేయాల్సి వచ్చినా రెండో ముక్కకి ఆడమనిషి గుర్తుకు రాలేదు. కమిటీని తప్పుపట్టను. ఆ ఏడాది సినిమాల్లో ఆడవాళ్లకి నవ్వించే వేషం రాసినవాడు ఉంటే కదా, వాళ్లు ఎంచడానికి! గంటలకొద్దీ నడిచే బొమ్మలో ఆవిడకు దొరికేది హీరోని చూసి నోరెళ్లబెట్టే పిన్ని, లేదా హాస్టల్ వార్డెను.

చివరి దశ కూడా ఖాయమే. పావలా శ్యామల గారు ఏళ్ల తరబడి సినిమాల్లో నవ్వించారు. 2021లో ఆవిడ ఇబ్బందులు వార్తలకెక్కాయి. అప్పుడు తెలిసింది లోకానికి, అన్నేళ్లు నటించినా నటుల సంఘంలో ఆవిడకు సభ్యత్వం లేదని. చిరంజీవి గారు ఆ రుసుము కట్టారని పత్రికలు రాశాయి, దండం పెట్టవలసిన పనే. నటి అని సంఘం ఒప్పుకోవడానికి నటన చాలదు, రసీదు కావాలి.

సినిమావాళ్లకి ఎప్పటి నుంచో ఒక బెంగ పట్టుకుంది. ‘గుండమ్మ కథ’ మళ్లీ తీద్దామంటే గుండమ్మ దొరకడం లేదట. ఈ మాట ఫిలింనగర్‌లో దశాబ్దాలుగా తిరుగుతోంది. చూడండి విడ్డూరం, రామారావు గారి కొడుకులున్నారు, మనవలున్నారు. నాగేశ్వరరావు గారి కొడుకున్నాడు, మనవలున్నారు. రామారావు గారు వేసిన అంజికి రెండు తరాల వారసులు, నాగేశ్వరరావు గారు వేసిన రాజాకి రెండు తరాల వారసులు. గుండమ్మకు ఒక్కతీ లేదు. ఎలా ఉంటుంది? కొడుకు హీరో కావడానికి గుర్రపుస్వారీ, కత్తిసాము, బ్యాంకాక్‌లో నాట్యం నేర్పించారు. ఎడమచేత్తో గాల్ని కోయడం ఏ ఆడపిల్లకైనా నేర్పారా? నేర్పింది ఒక్కటే: ఎదిగాక అలా తయారవకు, నిన్నెవరు చేసుకుంటారు అని.

నిజాంపేటలో అత్తగారు కూడా మారిపోయారు, ఆ విషయం రచయితలకి ఇంకా చేరలేదు. ఇప్పటి అత్త రిటైర్డ్ టీచరు. మనవడిని బడి బస్సు ఎక్కిస్తుంది, కూతురి పురిటికి ఆరు నెలలు డాలస్ వెళ్తుంది, వచ్చాక కోడలి పురిటికి ఆరు నెలలు ఇక్కడ. వంటింటి పెత్తనం రోడ్డు మొదట్లో కర్రీ పాయింట్‌ది. బొడ్లో గుత్తి లేదు. తలుపుకి నంబరు తాళం, ఆ నంబరు కొడుకు మారుస్తాడు, ఈవిడకి చెప్పడం మర్చిపోతాడు. కూరగాయల సంచీతో గుమ్మం బయట నిలబడి కొడుక్కి ఫోన్ చేస్తుంటే అతను మీటింగులో ఉంటాడు. ఇందులో ఎంత హాస్యం ఉందో, హాస్యం కింద ఎంత కోపం ఉందో ఒక్క రచయిత వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. వాళ్లు రారు. వాళ్ల ఫోన్లలో పెళ్లాం జోకులు నిండుగా ఉన్నాయి, అపార్ట్‌మెంటు మగవాళ్ల వాట్సాప్ గ్రూపు నుంచి తెల్లారేసరికి కొత్త సరుకు దిగుతుంది.

గుండమ్మ దొరకలేదనే నిర్మాతలకు ఒక చిరునామా చెబుతాను. నిజాంపేటలో ఏ అపార్ట్‌మెంట్ సర్వసభ్య సమావేశానికైనా రండి. మెయింటెనెన్స్ లెక్కలు చదివి, అందరూ తల ఊపి, సమోసాలు పంచబోతుంటే వెనక నుంచి ఒక యాభై అయిదేళ్లావిడ లేస్తుంది. కళ్లజోడు ముక్కు కొసకి దించి అడుగుతుంది: ఆగస్టు నెలంతా వాన కురిసింది, బోరు నిండుగా ఉంది, మరి ఆ నెలలో ట్యాంకర్లకి అంత బిల్లు ఎందుకైందండీ? మీకు మా ఇంటి నీళ్లు తీపా, ట్యాంకరు నీళ్లు తీపా? ఎడమ చెయ్యి లేస్తుంది. హాలు నవ్వుతుంది. మూడో వరసలో మగవాళ్లు మోచేతులతో పొడుచుకుంటూ, సూర్యకాంతం లేచిందిరోయ్ అని గొణుక్కుంటారు. ట్రెజరర్ గారొక్కరే నవ్వరు. ట్యాంకర్ల బిల్లుల ఫైలు కారులో మర్చిపోయానంటారు.